కాంటేలా బంతి లాక్కోవాలంటే: మిడ్‌ఫీల్డర్‌కి సాధన పాఠం

ఫుట్‌బాల్ అభిమానుల్లో ఒక జోక్ బాగా తిరిగింది. భూమి మీద డెబ్బై శాతం నీళ్లుంటే, మిగతా ముప్ఫై శాతం ఫ్రాన్స్ మిడ్‌ఫీల్డర్ ఎన్‌గోలో కాంటే ఉంటాడట. నవ్వుకోడానికి బాగుంది. దాన్నే పాఠంగా తీసుకుని బంతి ఎటు పోతే అటు పరిగెత్తే కుర్రాడు మాత్రం అరగంటకే నడుం మీద చేతులు పెట్టుకుని రొప్పుతుంటాడు. వాడు వదిలేసి వచ్చిన ఖాళీలోంచి అవతలి జట్టు హాయిగా లోపలికి వచ్చేస్తుంది. కాంటే కిటుకంతా బయల్దేరే క్షణంలో ఉంది. పాస్ ఎదుటివాడి కాలు విడిచిన మరుక్షణమే ఇతను మొదటి అడుగు వేసేస్తాడు. అది పట్టుబడితే మిగతావి ఒక్కొక్కటిగా వస్తాయి. అది లేకపోతే మ్యాచ్‌కి పన్నెండు కిలోమీటర్లు పరిగెత్తినా ఒళ్లు నొప్పులే మిగులుతాయి.

ఇక్కడ చెప్పేది సెంట్రల్ మిడ్‌ఫీల్డ్‌లో, అంటే మైదానం నడిమధ్యలో ఆడే వాళ్లకోసం, వాళ్లకి నేర్పే కోచ్‌లకోసం. కోన్లు పన్నెండు, బంతులు నాలుగు, ఎనిమిది మంది ఆటగాళ్లు ఉంటే చాలు.

అతను వచ్చిన దారి

కాంటే 1991 మార్చి 29న పారిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు మాలి నుంచి వలస వచ్చినవాళ్లు. పారిస్‌కి పడమటి శివారైన రుయి-మాల్మెజాన్‌లో పెరిగి, పక్కనే ఉన్న సురేన్ అనే ఊళ్లో చిన్న క్లబ్బుకి ఆడాడు. ఎత్తు 168 సెంటీమీటర్లు. పెద్ద క్లబ్బుల అకాడమీల్లో చోటు దొరకలేదు. 2010లో ఉత్తర సముద్రతీరంలోని బులోన్ క్లబ్బుకి వెళ్లి, రిజర్వ్ జట్టులో ఆడుతూనే అకౌంటింగ్ చదివాడు. 2012-13లో ఆ జట్టు ఫ్రాన్స్ మూడో శ్రేణిలో ఉంది. అప్పుడు గానీ సీజన్ అంతా ఆడే అవకాశం రాలేదు. 2013లో కాన్ క్లబ్ రెండో శ్రేణిలోకి తీసుకుంది. ఆ సీజన్‌లో మొత్తం 38 లీగ్ మ్యాచ్‌లూ ఆడాడు, జట్టు మొదటి శ్రేణికి ఎక్కింది. 2015లో లెస్టర్ సిటీ, 2016లో చెల్సీ. రెండు చోట్లా మొదటి సీజన్‌లోనే ప్రీమియర్ లీగ్ టైటిల్. ఇరవై ఒకటో ఏట మూడో శ్రేణిలో ఆడినవాడు పాతికేళ్లకి ఇంగ్లండ్ ఛాంపియన్ అయ్యాడు. ఆ తర్వాత 2018 వరల్డ్ కప్, 2021 ఛాంపియన్స్ లీగ్, 2023లో సౌదీ క్లబ్ అల్ ఇత్తిహాద్, 2025లో అక్కడా లీగ్ టైటిల్.

సాధన చేసేవాడికి ఈ దారిలో పనికొచ్చే ముక్క ఒకటుంది. క్లబ్ మారినప్పుడల్లా అతని స్థానం కొంచెం కొంచెం మారింది. లెస్టర్‌లో కోచ్ క్లాడియో రనియేరి 4-4-2 ఆడించాడు, అంటే నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు ఫార్వర్డ్‌లు. మధ్యలో ఇద్దరే, పక్కన డానీ డ్రింక్‌వాటర్. చెల్సీలో కోచ్ ఆంటోనియో కొంటే ఇతన్ని 3-4-3లో నెమాన్యా మాటిచ్ పక్కన పెట్టాడు. 2018లో కోచ్‌గా మౌరిజియో సారి వచ్చి, లోతున జోర్జినోని నిలబెట్టి, ఇతన్ని ముగ్గురు మిడ్‌ఫీల్డర్లలో కుడివైపుకి, పైకి జరిపాడు. అప్పట్లో అది పెద్ద గొడవే అయింది. ప్రపంచంలోనే బంతి బాగా లాక్కునేవాణ్ని గోల్ దగ్గరికి పంపడమేంటని అభిమానులు మండిపడ్డారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. కానీ అవతలి గోల్ దగ్గరే బంతి లాక్కుని వెంటనే దాడికి మళ్లించడం అతనికి బాగా అలవాటైంది ఆ స్థానంలోనే.

2015-16లో అతను చేసిన 175 ట్యాకిల్స్ (ఎదుటివాడి కాలి దగ్గర్నుంచి బంతి లాక్కోవడం) లెక్కని గుడ్డిగా పట్టుకోకండి. లీగ్‌లో అందరికంటే ఎక్కువే, సందేహం లేదు. కానీ ఆ లెస్టర్ జట్టు వెనక్కి తగ్గి ఆడేది, చాలా మ్యాచ్‌ల్లో బంతి సగం సేపు కూడా వాళ్ల దగ్గర ఉండేది కాదు. బంతి అవతలివాడి దగ్గర ఎంతసేపుంటే లాక్కునే అవకాశాలు అన్ని వస్తాయి. మీ జట్టే బంతి ఆడుతుంటే మీ ట్యాకిల్స్ తగ్గుతాయి, తగ్గాలి కూడా.

మ్యాచ్ చూసే పద్ధతి

హైలైట్స్ చూసి ఈ పని నేర్చుకోలేం. అందులో అతను గెలిచినవే ఉంటాయి, వెళ్లకుండా ఆగినవి ఉండవు. పూర్తి మ్యాచ్ చూడాలి, ఫోన్‌లో కాకుండా టీవీలోనో లాప్‌టాప్‌లోనో. 2021 మే 5న చెల్సీ, రియల్ మాడ్రిడ్ మధ్య జరిగిన ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండో మ్యాచ్ తీసుకోండి. అక్కడ కాంటే ఆట రెండు వైపులా కనిపిస్తుంది.

ఏదో ఒక పదిహేను నిమిషాల ముక్క ఎంచుకోండి. మొదటిసారి మామూలుగా చూడండి. రెండోసారి బంతిని వదిలేసి కాంటేనే చూడండి. నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీయండి: నిమిషం, రియల్ ఆటగాడి కాలి నుంచి పాస్ విడిచినప్పుడు దాన్ని అందుకోబోయేవాడికి కాంటే ఎంత దూరంలో ఉన్నాడు, వెళ్లాడా ఆగాడా, ఏమైంది. దూరం అంచనాకి మైదానం గీతలే కొలబద్ద. మధ్య వృత్తం కేంద్రం నుంచి అంచుకి 9.15 మీటర్లు, పెనాల్టీ బాక్స్ లోతు 16.5 మీటర్లు. పదిహేను నిమిషాల ఆట రాయడానికి గంట పడుతుంది. విసుగ్గానే ఉంటుంది, అయినా రాయండి.

రాశాక రెండు సంగతులు తేలతాయి. ఒకటి, ఆగిన సార్లు వెళ్లిన సార్లకంటే చాలా ఎక్కువ. ఎక్కువసేపు అతను పక్కకి చిన్న అడుగులు వేస్తూ, భుజం మీదుగా వెనక్కి చూస్తూ ఉంటాడు. రెండు, వెళ్లినప్పుడు దాదాపు ప్రతిసారీ బంతి దారిలో ఉండగానే కదులుతాడు.

ఆ మ్యాచ్‌లో రెండు గోల్స్‌నీ ఆపి ఆపి చూడండి. మొదటి దాంట్లో కాంటే టిమో వెర్నర్‌తో పాస్ ఇచ్చి పుచ్చుకుని, మధ్యలోంచి దూసుకెళ్లి కై హావర్ట్జ్‌కి అందిస్తాడు. హావర్ట్జ్ గోల్‌కీపర్ మీదుగా లేపిన బంతి బార్‌కి తగిలి కిందపడితే వెర్నర్ తలతో తోసేస్తాడు. రెండోది చివర్లో. రియల్ సగంలోనే కాంటే బంతి లాగేసి, ఆగకుండా క్రిస్టియన్ పులిసిక్‌కి ఇస్తాడు, అతను మేసన్ మౌంట్‌కి. లాక్కోవడానికీ పాస్ ఇవ్వడానికీ మధ్య ఎంత తక్కువ వ్యవధి ఉందో చూడండి.

ఎంత దూరంలో నిలబడాలి

పదిహేను మీటర్ల పాస్ ఒక మోస్తరు వేగంతో వస్తే చేరడానికి దాదాపు సెకనున్నర పడుతుంది. ఆ వ్యవధిలో కుర్రాడు నిలబడ్డ చోటు నుంచి నాలుగైదు మీటర్లు వెళ్లగలడు. కాబట్టి మీరు కాచుకున్నవాడికి నాలుగైదు మీటర్ల దూరంలో ఉండాలి. పది మీటర్లుంటే మీరు చేరేలోపు వాడు బంతి ఆపి, తిరిగి, తలెత్తి చూసేస్తాడు. ఒక మీటరు దూరంలో అంటుకుని నిలబడితే పాస్ ఇచ్చేవాడు అటు ఇవ్వడం మానేస్తాడు, లేదా మీ వీపు వెనక ఖాళీలోకి వేస్తాడు. నాలుగైదు మీటర్లంటే ‘వీడు ఖాళీగానే ఉన్నాడు’ అని అవతలివాణ్ని నమ్మించే దూరం. పాస్ ఇచ్చేలా పిలవడమన్నమాట.

నిలబడటం కూడా నేరుగా వెనక కాదు, కొంచెం పక్కగా. అందుకునేవాడి భుజం వెనక, వాడి కంటికి సరిగ్గా ఆనని మూల ఉంటే మీరు వస్తున్నది వాడికి ఆలస్యంగా తెలుస్తుంది.

ఎప్పుడు వెళ్లాలో చెప్పే గుర్తులు ఇవి. పాస్ గాల్లో లేచినా, గెంతుతూ వచ్చినా వెళ్లండి, ఆపడానికి వాడికి ఇంకో తాకు కావాలి. వాడు మీ గోల్‌కి వీపు పెట్టి అందుకుంటుంటే వెళ్లండి. మొదటి తాకులోనే బంతి కాలికి మీటరు దూరం జారితే వెళ్లండి. పక్క గీత దగ్గర అందుకుంటే తప్పక వెళ్లండి, ఆ గీతే మీ రెండో డిఫెండర్. వాడు తలెత్తి, మీ వైపు మొహం పెట్టి, బంతి కాలి కిందే ఉంచుకుని ఉంటే మాత్రం వెళ్లొద్దు. పక్కకి జరుగుతూ లోపలికి పాస్ దారి మూయండి, అంతే.

వెళ్లే ముందు ఇంకొక్కటి చూసుకోవాలి: మీ వెనక ఎవరున్నారు. కాంటే వదిలిన ఖాళీ దగ్గర డ్రింక్‌వాటరో మాటిచో ఉండేవాళ్లు. మీ పక్కనున్న మిడ్‌ఫీల్డర్ అప్పటికే పైకి వెళ్లిపోయి ఉంటే, ఎంత మంచి గుర్తు కనిపించినా ఆగిపోవాలి. ఊరి టోర్నమెంట్లలో పడే గోల్స్‌లో ఇద్దరు మిడ్‌ఫీల్డర్లూ ఒకే బంతి మీదికి ఉరికినందువల్ల పడేవి బోలెడు.

చివరి రెండు మీటర్లు

ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. అయిదు మీటర్లు గాలిలా వచ్చి, అదే వేగంతో కాలు పెడతారు. అవతలివాడు బంతిని అర మీటరు పక్కకి జరిపితే చాలు, వీళ్లు పక్క నుంచి దూసుకుపోతారు.

రెండు మీటర్ల దూరం రాగానే అడుగులు చిన్నవి చేయాలి, టకటకా మూడు నాలుగు. మోకాళ్లు వంచి, బరువు పాదం ముందు భాగంలో ఉంచాలి. ఒళ్లు ఏటవాలుగా, ఒక కాలు ముందు ఒక కాలు వెనక. రెండు పాదాలూ ఒకే గీతలో ఉంటే కాళ్ల మధ్యలోంచి బంతి పోతుంది. చూపు బంతి మీదే. వాడి నడుము ఊపులూ భుజాల ఆటలూ చూస్తే మోసపోతారు.

కాలు పెట్టాల్సింది బంతి వాడి కాలిని విడిచిన తర్వాత, మళ్లీ తాకేలోపు. ఆ వ్యవధి రెప్పపాటే. అందుకే చిన్న అడుగులు: పొడవాటి అంగలో ఉన్నవాడు ఆ క్షణంలో కాలు మార్చలేడు. కాంటే పొట్టిగా ఉండటం ఇక్కడ లాభమే అయింది. బంతికి దగ్గరున్న కాలితో, చీలమండ బిగించి, బంతిని పొడిచినట్టు తీయాలి. రెండో కాలు నేల మీద గట్టిగా ఉండాలి. తీసిన వెంటనే తుంటి అడ్డం పెట్టి వాడికీ బంతికీ మధ్యలోకి దూరాలి.

నేల మీద జారి చేసే ట్యాకిల్ అలవాటు చేసుకోకండి. కాంటే చాలా బంతులు నిలబడే తీశాడు, జారినవాడు లేచేసరికి ఆట ముందుకెళ్లిపోతుంది. మన దగ్గర ఇంకో కారణం కూడా ఉంది. గ్రౌండ్లు చాలా చోట్ల గట్టి మట్టి, లేదా మొరం. ఒక్కసారి జారితే తుంటి దగ్గర చర్మం లేచిపోతుంది, వారం సాధన పోతుంది. అలాంటి నేల మీద పొడవాటి స్టడ్స్ ఉన్న బూట్లు కూడా వద్దు. స్టడ్స్ దిగవు, ఒత్తిడంతా అరికాలి మీద పడుతుంది. చిన్న రబ్బరు గుండీలు చాలా ఉండే టర్ఫ్ షూస్ తీసుకోండి.

లాక్కున్నాక

బంతి గెలిచి మళ్లీ వాళ్లకే ఇచ్చేస్తే, మీరు చేసింది వాళ్ల దాడికి కాస్త విరామం ఇవ్వడమే. లాక్కున్న మొదటి తాకుతోనే బంతిని ఒత్తిడి లేని వైపుకి, ఒకటి రెండు మీటర్లు జరపండి. రెండో తాకుకి పాస్. ముందున్నవాడు పరుగులో ఉంటే అతనికి, లేకపోతే దగ్గర్లో ఉన్నవాడికి. లెస్టర్‌లో ఆ ముందు పరుగు జేమీ వార్డీది. బంతి గెలుస్తారని తెలియగానే అతను డిఫెన్స్ వెనక్కి ఉరికేవాడు. మీ జట్టులో అలాంటివాడు ఉంటే ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఎదురుగా పది మీటర్లు ఖాళీ కనిపిస్తే పాస్ కూడా వద్దు, మీరే తీసుకెళ్లండి. చెల్సీలో కాంటే ఎక్కువ నేర్చుకున్నది ఇదే. ఎదురుగా డిఫెండర్ కదిలేదాకా తీసుకెళ్లి, అతను కదిలాక వదలాలి.

మైదానంలో మూడు అభ్యాసాలు

ముందు ఒళ్లు వేడెక్కాలి. ఫిఫా వాళ్ల 11+ వార్మప్ సరిపోతుంది. పరుగు, బలం, గెంతులు, మళ్లీ పరుగు, మొత్తం ఇరవై నిమిషాలు.

మొదటిది పాస్ చదవడం. ఒకడు పాస్ ఇస్తాడు. అతనికి పదిహేను మీటర్ల దూరంలో ఇద్దరు అందుకునేవాళ్లు, వాళ్లిద్దరి మధ్య ఎనిమిది మీటర్లు. నేర్చుకునేవాడు ఆ ఇద్దరి మధ్య, కొంచెం వెనగ్గా నిలబడతాడు. అంటే ఏ ఒక్కరికైనా నాలుగైదు మీటర్ల దూరం. పాస్ ఇచ్చేవాడు ఇద్దరిలో ఎవరికైనా ఇవ్వొచ్చు, ఇస్తున్నట్టు నటించి ఆగనూవచ్చు. బంతి కాలు విడిచాకే నేర్చుకునేవాడు కదలాలి. నటనకి మోసపోయి ముందే కదిలితే పాస్ రెండోవాడికి వెళ్తుంది. ఆరు బంతులు, తొంభై సెకన్ల విశ్రాంతి, అలా నాలుగు సార్లు. మొదటి వారం ఆరింటికి ఒక్కటి దొరికినా మంచిదే. మూడు దొరుకుతుంటే పాస్ వేగం పెంచండి. ఇక్కడ వచ్చే తప్పు ఒకటే: పాస్ ఇచ్చేవాడి కళ్లు చూడటం. వాడు తన్నేటప్పుడు నేల మీద ఆనించిన కాలు ఎటు తిరిగిందో చూడండి, పాస్ ఎక్కువగా అటే వస్తుంది.

రెండోది ఒకరికొకరు. పది మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు గడి. బంతి ఉన్నవాడు అవతలి గీత దాటాలి, ఎనిమిది సెకన్లు గడువు. అడ్డుకునేవాడు మొదటి రెండు సెకన్లు కాలు పెట్టకూడదు, దారి మూస్తూ వెనక్కి జరగాలి. గెలిచినట్టు లెక్క ఎప్పుడంటే, బంతిని తన కాలి దగ్గర ఉంచుకుని పక్క గీత దాటించినప్పుడు. బయటికి తన్నేస్తే సున్నా. ఈ ఒక్క నియమం లేకపోతే అభ్యాసం దండగ, అందరూ బంతిని బాదేయడమే నేర్చుకుంటారు. ఒక్కొక్కరికి అయిదు ప్రయత్నాలు, తర్వాత పాత్రలు మార్చుకోవాలి.

మూడోది ఆట. ముప్ఫై మీటర్లు పొడవు, ఇరవై మీటర్లు వెడల్పు, నలుగురికి నలుగురు. నాలుగు నిమిషాలు ఆడి రెండు నిమిషాలు ఆగడం, అలా నాలుగు సార్లు. గోల్‌పోస్టులు వద్దు. బంతి లాక్కుని మూడు సెకన్లలోపు మన జట్టువాడికి పాస్ చేరిస్తే ఒక పాయింట్. మూడో విడత నుంచి కాళ్లు బరువెక్కుతాయి, అప్పుడే తప్పుడు నిర్ణయాలు బయటపడతాయి. కోచ్ అరవాల్సింది అప్పుడే, మొదటి విడతలో కాదు.

ఆదివారం మ్యాచ్ ఉంటే రెండోదీ మూడోదీ మంగళవారం, మొదటిది గురువారం. ఏప్రిల్, మే నెలల్లో ఇవన్నీ ఉదయం ఏడున్నరలోపే ముగించండి.

తలకి అందని బంతి

ఎత్తు తక్కువైనవాళ్లు ఆరడుగుల స్ట్రైకర్‌తో కలిసి గెంతడం శక్తి దండగ. గెంతే పని సెంటర్ బ్యాక్‌కి (గోల్ ముందు నడుమ నిలబడే డిఫెండర్) వదిలేసి, తలలు తగిలిన బంతి ఎక్కడ పడుతుందో అక్కడ ఉండండి. మన డిఫెండర్ బలంగా ఎదురు కొడితే అది పది, పదిహేను మీటర్లు ముందుకి వస్తుంది. స్ట్రైకర్ మెత్తగా దించితే మూడు నాలుగు మీటర్లలోనే పడుతుంది. ఎవరు ముందు గెంతారో చూసి రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి. ఆ రెండో బంతి తీయడానికి ఎత్తుతో పనిలేదు.

కార్డు పడితే

2018 జూలై 15న మాస్కోలో వరల్డ్ కప్ ఫైనల్. కాంటేకి 27వ నిమిషంలో ఎల్లో కార్డ్ పడింది, ఇంకొకటి పడితే మైదానం బయటికే. అప్పటికే అతనికి కడుపులో బాగోలేదని ఆ తర్వాత తెలిసింది. 55వ నిమిషంలో, ఫ్రాన్స్ 2-1తో ముందుండగా, కోచ్ దిదియే దెషాంప్ అతన్ని బయటికి పిలిచి పొడవాటి స్టీవెన్ ఎన్‌జోంజీని దించాడు. దెషాంప్ కూడా ఒకప్పుడు అదే స్థానంలో ఆడినవాడు, కార్డు మీదున్న బంతి దొంగ సగం దొంగేనని తెలిసినవాడు. పది నిమిషాల్లో స్కోరు 4-1 అయింది.

కార్డు పడ్డాక మీకు మార్చే కోచ్ లేకపోతే మీరే మార్చుకోవాలి. నిలబడే దూరం అర మీటరు పెంచండి. వెనక నుంచి కాలు పెట్టడం పూర్తిగా మానండి. పాస్ అడ్డుకోవడానికే వెళ్లండి, ఒళ్లు తగిలే పోటీకి వద్దు. చేతులు కిందే ఉంచండి. అలసినప్పుడు చొక్కా లాగేది ఆ చేతులే.

తొడ వెనక కండరం

ఈ ఆటకి చెల్లించే మూల్యం ఎక్కువగా ఇక్కడే. దూకుతూ బయల్దేరడం, గబుక్కున ఆగడం, మళ్లీ బయల్దేరడం, ఇదంతా తొడ వెనక ఉండే హ్యామ్‌స్ట్రింగ్ మీదే పడుతుంది. కాంటేకి చెల్సీ చివరి ఏళ్లలో అదే తిరగబెడుతూ వచ్చింది. 2022 అక్టోబర్‌లో ఆపరేషన్ అయింది, ఆ ఏడాది వరల్డ్ కప్ పోయింది. ఫ్రాన్స్ జట్టులోకి మళ్లీ రావడానికి రెండేళ్లు పట్టింది. 2024 యూరో కప్ మొదటి మ్యాచ్‌లో, 33 ఏళ్ల వయసులో, ఆస్ట్రియా మీద మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యాడు.

ముందుజాగ్రత్తకి నార్డిక్ అనే వ్యాయామం చాలు, పరికరాలు అక్కర్లేదు. మెత్తటి చాప మీద మోకాళ్లపై నిలబడండి. వెనక ఒకరు మీ చీలమండలు గట్టిగా పట్టుకోవాలి. మోకాళ్ల నుంచి తల దాకా ఒకే గీతలో ఉంచి, వీలైనంత నెమ్మదిగా ముందుకి వాలండి. ఆపలేని చోట చేతులు నేలకి ఆనించి, తోసుకుని పైకి లేవండి. నడుం దగ్గర వంగితే బరువు కండరం మీద పడదు, చేసినట్టే ఉండదు. మొదటి వారం ఒక్క రోజు, అయిదేసి రెండు సార్లు. రెండో వారం నుంచి వారానికి రెండు రోజులు. నెలన్నరకి ఎనిమిదేసి మూడు సార్లదాకా తీసుకెళ్లండి. మొదటి రెండు మూడు సార్లు మర్నాడు మెట్లు దిగడం కష్టంగానే ఉంటుంది, అది మామూలే. నొప్పి ఒకే చోట సూదిలా గుచ్చితే మాత్రం ఆపేసి ఫిజియోకి చూపించండి. వీటిని సాధన ముగిశాకే చేయాలి, మంగళ, గురువారాల్లో పెట్టుకోవచ్చు. శనివారం చేస్తే ఆదివారం మ్యాచ్‌లో కాళ్లు కదలవు.